నీస్ పాత పట్టణంలో సెగ్వే విహారం: పెద్దవాళ్లతో, పిల్లలతో వెళ్లేవారు డబ్బు కట్టే ముందు చదవండి

ఫ్రాన్స్ దక్షిణ తీరంలోని నీస్ నగరానికి వెళ్లబోతున్న తెలుగువారికి, అందులోనూ ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలను వెంటబెట్టుకుని వెళ్లేవారికి ఇది రాస్తున్నాను. ‘గైడుతో పాత పట్టణం, సెగ్వే మీద’ అంటూ అమ్ముతున్న విహారాలకు తొందరపడి డబ్బు కట్టకండి. సెగ్వే అంటే నిలబడి నడిపే రెండు చక్రాల విద్యుత్ బండి. మా అమ్మకు మణికట్టు విరిగింది. కట్టిన సొమ్ములో చాలా భాగం ఇంకా తిరిగి రాలేదు. చూపిస్తామన్న పాత పట్టణాన్ని సరిగా చూపించనూ లేదు. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి సంస్థ పేరు ఇక్కడ రాయడం లేదు. కింద చెప్పే విషయాలు ఏ సంస్థ దగ్గరైనా ముందే అడిగి తేల్చుకోవలసినవి.

మేము జర్మనీలో ఉంటాం. వేసవి సెలవుల్లో విజయవాడ నుంచి అమ్మ, నాన్న, అక్క, బావ, వాళ్ల అమ్మాయి వచ్చారు. నాన్నకు మోకాళ్ల నొప్పులు, ఎక్కువ దూరం నడవలేరు. నడిచే పని లేకుండా ఊరంతా చూడవచ్చనే ఈ టికెట్లు తీసుకున్నాం. ప్రకటనలో పాత పట్టణపు ఇరుకు సందులు, పసుపు, కాషాయ రంగుల గోడలు, వాటి మధ్య సెగ్వేల మీద నవ్వుతూ వెళ్తున్న కుటుంబాలు కనిపించాయి. ‘అన్ని వయసులవారికి అనుకూలం, అనుభవం అక్కర్లేదు’ అని పెద్ద అక్షరాల్లో ఉంది. మనిషికి 50 యూరోల పైనే. బుకింగ్ ఫారంలో ప్రతి ఒక్కరి వయసూ అడిగారు, మేనకోడలికి 13 అని నింపాం. బరువు గురించి ఒక్క ప్రశ్న కూడా లేదు.

అక్కడికి వెళ్లాక, 13 ఏళ్ల పిల్లను ఎక్కించడం కుదరదన్నారు. అది చట్టప్రకారం సరైన మాటే. విద్యుత్ స్కూటర్లు, సెగ్వేల వంటి వాటికి ఫ్రాన్స్‌లో 2019 అక్టోబరులో రహదారి నియమాలు వచ్చాయి. అప్పుడు కనీస వయసు 12 ఏళ్లు. 2023 సెప్టెంబరు నుంచి దాన్ని 14కు పెంచారు. పిల్లల భద్రత కోసం పెట్టిన నియమం, దానితో మాకు పేచీ లేదు. రోజూ ఇదే వ్యాపారం చేసే సంస్థకు ఆ చట్టం తెలియకుండా ఉండదు కదా, మరి 13 అని కళ్లెదుట ఉన్న ఫారాన్ని ఎలా ఆమోదించి డబ్బు తీసుకున్నారు? ఆ ప్రశ్నకు జవాబు రాలేదు. ‘రద్దు గడువు దాటిపోయింది, డబ్బు తిరిగి ఇవ్వలేం’ అన్నారు. పిల్లను ఒంటరిగా వదలలేక అక్క ఆగిపోయింది. అలా రెండు టికెట్లు బయలుదేరక ముందే పోయాయి.

అసలు ప్రమాదం వయసుకన్నా బరువుతో వచ్చింది. ఈ విషయం మన ఇళ్లలోని పెద్దవాళ్లకు బాగా వర్తిస్తుంది కాబట్టి కాస్త వివరంగా చెప్తాను. సెగ్వేలో రెండు చక్రాలు పక్కపక్కనే ఉంటాయి, మధ్యలో నిలబడే పలక, ముందు ఒక హ్యాండిల్. చేతితో పట్టే బ్రేకు ఉండదు, యాక్సిలరేటర్ ఉండదు. పలక కింద ఉన్న సెన్సర్లు మన శరీరం ఎటు వాలిందో క్షణక్షణం గమనిస్తాయి. ముందుకు వాలితే ముందుకు పోతుంది, వెనక్కి వాలితే నెమ్మదిస్తుంది. అంటే దాన్ని ఆపేది మన బరువే. అందుకే తయారీదారు కనీసం 45 కిలోలు, గరిష్ఠంగా 118 కిలోలు అని హద్దు పెట్టాడు. అంతకన్నా తేలికైన మనిషి వెనక్కి వాలినా యంత్రానికి ఆ వాలు సరిగా అందకపోవచ్చు, ముఖ్యంగా పల్లంలో. యంత్రం బరువే సుమారు 47 కిలోలు ఉంటుంది, పూర్తి వేగం గంటకు 20 కిలోమీటర్లు. మా అమ్మ బరువు 43 కిలోలు. ఆమెను ఎక్కించేటప్పుడు ఎవరూ అడగలేదు, తూకం యంత్రమూ లేదు. ఆ హద్దు ఒకటుందని ఆసుపత్రి నుంచి వచ్చాక తయారీదారు పుస్తకం చదివితేనే తెలిసింది. చీర కట్టుకుంటే కుదరదని మాత్రం ముందే చెప్పారు, అమ్మ సల్వార్ కమీజు వేసుకుంది.

శిక్షణ అన్నది ఒక చదునైన చోట కొద్ది నిమిషాల తతంగం. మాతో కలిపి పది మందికీ ఒకే గైడు, వేగంగా ఇంగ్లీషులో చెప్పి ముగించాడు. జీవితమంతా స్కూటరు, సైకిలు నడిపిన చేతులు కంగారు పుట్టగానే బ్రేకు కోసం వెతుకుతాయి. భయం వేస్తే చటుక్కున ముందుకు దూకబోతారు. సెగ్వే మీద నుంచి వెనక్కే దిగాలి, రెండు కాళ్లూ నేల మీద పెట్టేదాకా హ్యాండిల్ వదలకూడదు. ఈ ఒక్కటి అలవాటు కావడానికే పెద్దవాళ్లకు చాలాసేపు పడుతుంది. కొత్తవారికి వేగాన్ని గంటకు 10 కిలోమీటర్లకు కట్టిపడేసే అమరిక కూడా ఇందులో ఉంటుంది. దాన్ని మా అమ్మ బండికి పెట్టారా అని తర్వాత రాతపూర్వకంగా అడిగాం, జవాబులో ఆ ప్రస్తావనే లేదు.

బయలుదేరింది సముద్రం పక్క నుంచి. ప్రొమెనాద్ దెజాంగ్లే మీద సైకిల్ బాట ఉంది, అక్కడ నేల చదును, ఇబ్బంది లేదు. అక్కడి నుంచి కోట కొండ పాదం చుట్టూ తిరిగి ఓడరేవు వైపు వెళ్లే రోబా కపూ అనే మలుపు వస్తుంది. సముద్రం మీదుగా వచ్చే గాలి అక్కడ ఎంత బలంగా కొడుతుందో వెళ్లినవారికి తెలుసు. అమ్మ ‘నేను దిగిపోతాను నాన్నా, కాళ్లు వణుకుతున్నాయి’ అంది. నేను గట్టిగా అరిచి గైడును పిలిచాను. అతను వరుసలో అందరికన్నా ముందున్నాడు, వినిపించలేదు. వరుస చివర సంస్థ మనిషి ఇంకొకరు ఉండవలసింది, లేరు. మలుపు దాటాక దారి కొద్దిగా దిగుతుంది. అమ్మ వెనక్కి వాలుతూనే ఉంది, బండి ఆగలేదు. పక్క చక్రం కాలిబాట అంచుకు తగిలి ఆమె కుడిచేతి మీద పడింది. హెల్మెట్ ఉండబట్టి తలకు ఏమీ కాలేదు.

అత్యవసర నంబరు 112కి ఫోను చేసింది అటుగా నడిచి వెళ్తున్న ఒక స్థానికురాలు. ఆసుపత్రిలో చాలా బాగా చూశారు, ఆ విషయంలో ఎవరిమీదా మాట పడనివ్వను. గైడు మాత్రం మిగతా వరుసతో ముందుకు సాగిపోయాడు. సాయంత్రం నేను కార్యాలయానికి వెళ్తే, పొద్దున సంతకం పెట్టించుకున్న ఫ్రెంచి కాగితం చూపించి, ఏ గాయానికీ తమది బాధ్యత కాదని అందులో ఉందన్నారు. పైగా బండి పలక మీద గీత పడిందని డిపాజిట్‌లో సగానికి పైగా మినహాయించుకున్నారు. ఆ గీత పాతదో కొత్తదో తేల్చే ఫొటో ఏదీ వాళ్ల దగ్గర లేదు.

ఇలాంటి కాగితం చూసి చాలామంది అక్కడితో ఊరుకుంటారు. దయచేసి ఊరుకోకండి. వ్యాపారి తన బాధ్యతల్లో ఏదైనా నెరవేర్చనప్పుడు వినియోగదారుకు దక్కవలసిన పరిహార హక్కును తీసివేసే, తగ్గించే షరతులను ఫ్రాన్స్ వినియోగదారుల చట్టం అన్యాయమైనవిగా ప్రకటించింది. సంతకం పెట్టినా అవి చెల్లవు. బరువు అడగకపోవడం, చాలినంత శిక్షణ ఇవ్వకపోవడం వ్యాపారి వైపు లోపాలే అన్నది మా వాదన. ఇంకొకటి, ఇలాంటి వాహనాలకు మూడో వ్యక్తికి కలిగే నష్టాన్ని భరించే బీమా అక్కడ తప్పనిసరి. ఆ బీమా పత్రం చూపమని ఎక్కకముందే అడగండి. మన చేతిలో ఉన్న ప్రయాణ బీమా సంగతి వేరు. షెంగెన్ వీసాకు కనీసం 30,000 యూరోల వైద్య రక్షణ ఉండాలి, కాబట్టి అందరి దగ్గరా ఏదో ఒక పాలసీ ఉంటుంది. అయితే మోటారు వాహనాలు, సాహస క్రీడలు అనే పేరుతో మినహాయింపులు ఉండే పాలసీలు చాలా ఉన్నాయి. అమ్మ బీమా సంస్థ ఫోనులో మొదట అడిగింది, అది మోటారుతో నడిచేదా అనే.

డబ్బు గురించి ఒక ముఖ్యమైన సంగతి. ఐరోపాలో ఆన్‌లైన్‌లో కొన్నదాన్ని 14 రోజుల్లో కారణం చెప్పకుండా రద్దు చేసుకోవచ్చని మనలో చాలామందికి తెలుసు. ఫలానా తేదీకి బుక్ చేసుకున్న విహారాలకు, వినోదాలకు ఆ హక్కు వర్తించదు. ఐరోపా సమాఖ్య చట్టంలోనే ఆ మినహాయింపు ఉంది. కాబట్టి ‘24 గంటల ముందు వరకు ఉచిత రద్దు’ అన్నది ఆ అమ్మకందారు ఇచ్చే మాట మాత్రమే, అది మీ ఈమెయిల్‌లో స్పష్టంగా ఉండాలి. మేము మధ్యవర్తి వెబ్‌సైటులో కొన్నాం. డబ్బు అడిగితే వాళ్లు సంస్థను అడగమన్నారు, సంస్థ వాళ్లను అడగమంది. ఎవరితో ఒప్పందం, డబ్బు తిరిగి ఇచ్చేది ఎవరు అన్నది ముందే తేల్చుకోండి. డిపాజిట్ క్రెడిట్ కార్డు మీదే ఇవ్వండి. డెబిట్ కార్డు అయితే మీ ఖాతాలోని సొమ్మే ఆగిపోతుంది, ప్రయాణం మధ్యలో అది పెద్ద ఇబ్బంది. కార్డు యంత్రం రూపాయల్లో తీసుకోమంటారా అని అడిగితే యూరోల్లోనే అనండి, రూపాయల మారకం రేటు సాధారణంగా మనకు నష్టంగానే ఉంటుంది. బండి ఎక్కే ముందు పలక, చక్రాలు, హ్యాండిల్ అన్నీ వీడియో తీసుకోండి, గైడు చూస్తుండగానే.

యంత్రాల వయసు కూడా అడగవలసిందే. మనం ఫొటోల్లో చూసే ఈ రకం సెగ్వే 2001లో వచ్చింది, 2020 జులైలో తయారీ ఆగిపోయింది. ఇప్పుడు అద్దెకిచ్చేవి అంతకుముందువే. బ్యాటరీ ఎప్పుడు మార్చారని అడగడంలో తప్పు లేదు. 2003లో సుమారు 6,000 యంత్రాలను కంపెనీ వెనక్కి పిలిచి సాఫ్ట్‌వేర్ సరిచేసింది, బ్యాటరీ తగ్గిపోయిన స్థితిలో మనుషులు పడిపోతున్నందుకే. నడుస్తుండగా సూచికలో ఎర్ర దీపం వెలిగి హ్యాండిల్ వణికితే, వెంటనే ఆపి దిగిపోవాలన్న హెచ్చరిక అది. ఆ సంగతి మా శిక్షణలో రానే రాలేదు. కొన్నిచోట్ల ఇదే పేరుతో హ్యాండిల్ లేకుండా మోకాళ్లతో తిప్పే చిన్న బండ్లు ఇస్తున్నారు. మోకాళ్ల నొప్పులున్నవారికి అవి అసలు వద్దు.

ఇక పాత పట్టణం. మమ్మల్ని దాని అంచుల వెంట తిప్పారంతే. పాదచారుల వీధుల్లో ఈ వాహనాలు మనిషి నడిచే వేగంతో, నడిచేవారికి అడ్డు రాకుండా వెళ్లాలన్నది అక్కడి నియమం. వేసవిలో ఆ సందుల్లో మనుషులే భుజాలు రాసుకుంటూ నడుస్తారు, చాలా సందులు మెట్లతో ఉంటాయి. పది సెగ్వేల వరుస అందులోకి వెళ్లడం అయ్యే పని కాదు. ప్రకటనలోని ఆ ఫొటోలు మనుషులు లేని వేళ తీసినవై ఉండాలి. గైడు భవనాల పేర్లు చెప్పడమే గాని చరిత్ర ఒక్క ముక్క చెప్పలేదు. ఫ్రాన్స్‌లో మ్యూజియాలు, చారిత్రక కట్టడాల్లో సంస్థలు నడిపే సందర్శనలకు ప్రభుత్వ గుర్తింపు కార్డు ఉన్న గైడులు ఉండాలి. సెగ్వే నడిపించే వ్యక్తి దగ్గర ఆ కార్డు ఉంటుందని అనుకోకండి, అడగండి.

రెండు రోజుల తర్వాత నాన్న, నేను మెల్లగా ఆగుతూ నడిచి చూశాం. ద్రువాత్ వీధి మూల గోడకు 1543 ముట్టడి నాటి ఫిరంగి గుండు ఉంది, ఫ్రెంచి, ఒట్టోమాన్ సైన్యాలు కలిసి నీస్‌ను ముట్టడించిన ఏడాది అది. అదే వీధిలో లాస్కారిస్ భవనంలో పాత సంగీత వాయిద్యాల మ్యూజియం. కూర్ సలేయా పూల బజారు చివర చిత్రకారుడు మతీస్ ఉన్న పసుపు రంగు ఇల్లు. శనగపిండితో చేసే సొక్కా అనే అట్టు వేడివేడిగా తిని నాన్న ఎంత సంతోషించారో చెప్పలేను. కోట కొండ మీదికి లిఫ్టు ఉంది, డబ్బు తీసుకోరు. మోకాళ్ల నొప్పులున్న మనిషి అలా కొండ మీదికి వెళ్లి, 1706లో ఫ్రాన్స్ రాజు పద్నాలుగో లూయీ కూల్పించిన కోట శిథిలాలను, కింద సముద్రాన్ని చూసి వచ్చారు. ఇవేవీ సెగ్వే విహారంలో లేవు.

ఇలాంటిది మీకు జరిగి ఉంటే, ఫ్రాన్స్ ప్రభుత్వ వినియోగదారుల విభాగం నడిపే సిగ్నల్ కోన్సో వెబ్‌సైటులో ఫిర్యాదు నమోదు చేయవచ్చు. జర్మనీలో ఉండేవారికి కేల్ పట్టణంలోని ఐరోపా వినియోగదారుల కేంద్రం ఉచితంగా సాయం చేస్తుంది, ఐరోపా సమాఖ్యలోని మిగతా దేశాల్లోనూ అలాంటి కేంద్రాలున్నాయి. ఇండియా కార్డుతో కట్టినవారు తమ బ్యాంకులో ‘చెప్పిన సేవ అందలేదు’ అనే కారణంతో వివాదం వేయాలి. దానికి గడువు ఉంటుంది, ఇంటికి చేరాక చూద్దామనుకోకండి. ప్రకటన పేజీని, బుకింగ్ ఫారాన్ని, వయసు నింపిన గడితో సహా, ఫొటోలుగా దాచుకోండి. మా విషయంలో డిపాజిట్ నుంచి మినహాయించిన సొమ్మును బ్యాంకు తాత్కాలికంగా తిరిగి జమ చేసింది. టికెట్లు, వైద్యం ఖర్చుల మీద కేల్ కేంద్రం సంస్థకు ఉత్తరం రాసింది, జవాబు ఇంకా రాలేదు. అమ్మ విజయవాడలో కట్టు విప్పించుకుని ఫిజియోథెరపీకి వెళ్తోంది.