జిరాఫీ నెమరు వేస్తుంటే మా ఏడో తరగతి చూసింది: జూ లైవ్ పాఠం గురించి

మాది కనిగిరి వైపు ఒక జిల్లా పరిషత్ హైస్కూల్, నేను బయాలజీ చెబుతాను. మొన్న నవంబర్‌లో మా ఏడో తరగతికి ఇంగ్లండ్‌లోని ఒక జూ నుంచి లైవ్ పాఠం పెట్టించాం. అక్కడ కీపర్ ఫోన్ కెమెరా పట్టుకుని జిరాఫీల షెడ్డులో నిలబడి మాట్లాడుతుంది, ఇక్కడ మా 38 మంది పిల్లలు ఐఎఫ్‌పీ ప్యానెల్ (గోడకుండే పెద్ద టచ్ స్క్రీన్) ముందు కింద కూర్చుని చూస్తూ ప్రశ్నలు అడుగుతారు. 45 నిమిషాలు. మన డబ్బుల్లో దాదాపు 7,000 అయింది. అది అయిన దగ్గర్నుంచి తెలిసిన టీచర్లు ఫోన్ చేస్తూనే ఉన్నారు, అంత డబ్బు పెట్టొచ్చా, మన పిల్లలకి ఆ ఇంగ్లిష్ అర్థమవుతుందా, యూట్యూబ్‌లో లేనిది అందులో ఏముంది అని. అందుకే మొత్తం ఒకచోట రాస్తున్నాను. జూ పేరు చెప్పను, ఎందుకంటే కొన్ని ఇబ్బందులు కూడా రాయాలి, అవి ఇలాంటి పాఠాలు నడిపే ఎవరి దగ్గరైనా రావచ్చు.

ముందే చెప్పేస్తున్నా, పెట్టొచ్చు. కాకపోతే మీ క్లాసు ఒక్కదానికే అని బుక్ చేసుకోండి. ఇది మాకు దెబ్బ తిన్నాకే తెలిసింది. జులైలో ఒక ఉచిత లైవ్‌లో చేరాం, అందులో మాతో పాటు ఎన్నో స్కూళ్ళు ఉన్నాయి, ప్రశ్నలన్నీ చాట్‌లో టైప్ చేయాలి, వాళ్ళకి కుదిరినవి తీసి చదువుతారు. మా పిల్లలు ఐదు ప్రశ్నలు రాయించారు. ఒక్కటీ చదవలేదు. చివరిదాకా "మేడం, మనది వస్తుందా" అంటూ కూర్చున్న పిల్లల ముఖాలు చూడలేకపోయాను. అలా చూడటానికి అయితే మామూలు వీడియో చాలు, లైవ్ అక్కర్లేదు.

డబ్బు సంగతి. స్టాఫ్ అందరం తలా 500 వేసుకున్నాం, మిగతాది మా దగ్గరే చదువుకున్న ఒక పాత విద్యార్థి ఇచ్చాడు. కట్టడమే పెద్ద పని అయింది, మన డెబిట్ కార్డుల్లో విదేశీ చెల్లింపులు ఆఫ్‌లో ఉంటాయి, బ్యాంక్ యాప్‌లోకి వెళ్ళి మనమే ఆన్ చేసుకోవాలి. అది తెలియక మూడుసార్లు ఫెయిల్ అయింది. కట్టేశాక మళ్ళీ ఆఫ్ చేసుకోవడం మర్చిపోకండి.

మా ప్యానెల్ నాడు-నేడులో వచ్చింది. బొమ్మ చాలా బాగుంటుంది, వెనక వరసకి కూడా స్పష్టంగా కనిపిస్తుంది. మైక్ మాత్రం దగ్గర నిలబడిన వాళ్ళ మాటే పట్టుకుంటుంది, కాబట్టి ప్రశ్న అడిగే పిల్లని లేపి ముందుకు పిలిచాం. అదే మంచిదయింది, ముందుకొచ్చి నిలబడి ఆ కీపర్ ముఖం చూస్తూ అడగటం వేరు. నెట్ విషయంలో స్కూల్ కనెక్షన్ ఒక్కదాన్నే నమ్ముకోకండి. నా ఫోన్ హాట్‌స్పాట్ సిద్ధంగా పెట్టుకున్నాను, మధ్యలో ఒకసారి అవసరం పడింది కూడా.

ఇక టైము. ఇది అందరూ జాగ్రత్తగా చదవండి. అమెరికాలో పొద్దున అంటే మనకి సాయంత్రం, బడి అయిపోతుంది. ఇంగ్లండ్ అయితే వాళ్ళ పొద్దున మన మధ్యాహ్నం, అందుకే అక్కడి జూని ఎంచుకున్నాం. సెప్టెంబర్‌లో బుక్ చేసేటప్పుడు వాళ్ళ 10 గంటలంటే మనకి మధ్యాహ్నం 2:30. కానీ అక్కడ అక్టోబర్ ఆఖరి ఆదివారం గడియారాలు ఒక గంట వెనక్కి తిప్పుతారు. మా పాఠం ఆ తర్వాతి మంగళవారం. వాళ్ళు పంపిన మెయిల్‌లో ఉదయం 10 అని ఉందే కానీ గంట మారుతుందన్న మాటే లేదు. 2:30కి పిల్లలందరినీ కూర్చోబెట్టాను. హోస్ట్ కోసం ఎదురుచూడండి అని స్క్రీన్ మీద వస్తోంది, ఎంతసేపు చూసినా అదే. ఒకటే టెన్షన్. హెడ్మాస్టర్ గారు రెండుసార్లు వచ్చి చూసి వెళ్ళారు. 3:10కి పిల్లల్ని క్లాసుకి పంపేశాను, ఇద్దరు ఏడ్చారు. 3:30కి వాళ్ళు ఠంచనుగా వచ్చారు! మా పిల్లల్లో సగం మంది 4 గంటల బస్సుకి వెళ్ళాలి, ఇక ఎలా కుదురుతుంది. మెయిల్ రాస్తే క్షమాపణ చెప్పి, డబ్బేమీ అడక్కుండా తర్వాతి వారం ఇంకో రోజు ఇచ్చారు, మన 3 గంటలకి. అందుకు వాళ్ళని మెచ్చుకోవాలి. కానీ వేరే దేశాల బళ్ళకి పాఠాలు అమ్మేవాళ్ళు ఆ దేశం టైము కూడా మెయిల్‌లో రాయాలి కదా, అది వాళ్ళ బాధ్యత.

సరే, అసలు పాఠం. మొదటి పది నిమిషాలు స్లైడ్లు. ఆఫ్రికా పటం, జిరాఫీ ఎత్తు, మెడలో మనకి లాగానే ఏడు ఎముకలు, ఇవన్నీ. తప్పని కాదు, కానీ లైవ్ అని డబ్బు తీసుకుని బొమ్మలు చూపించడం నాకు నచ్చలేదు, అవి ముందు రోజు పంపిస్తే నేనే చెప్పేదాన్ని. పిల్లలు కదలడం మొదలుపెట్టారు. అప్పుడు కీపర్ షెడ్డులోకి నడిచింది. కెమెరా పైకి, ఇంకా పైకి, ఇంకా పైకి తిప్పితే అప్పుడు కనిపించింది తల. క్లాసు మొత్తం ఒక్కసారి "అబ్బో" అంది.

ఆవిడ ఒక ఆకుల కొమ్మ పైన కట్టింది. జిరాఫీ నాలుక చాపింది. ముదురు ఊదా నలుపు కలిసిన రంగు, పాములా వచ్చి కొమ్మని చుట్టేసి ఆకుల్ని దూసేసింది. నాలుక 45 సెంటీమీటర్లు ఉంటుందని ఆవిడ చెప్పగానే నేను ఆపి, స్కేళ్ళు తీయమన్నాను. పక్కపక్క పిల్లలు రెండు స్కేళ్ళు కలిపి ఒకటిన్నర స్కేలు లెక్కపెట్టి గడ్డం కింద పెట్టుకుని చూసుకున్నారు, అది పొట్టదాకా వచ్చింది. అడవిలో ఇవి తుమ్మ జాతి చెట్లని తింటాయి, ఆ ముళ్ళ మధ్య నుంచే ఆకుల్ని లాక్కుంటాయి అని చెబితే మా వాళ్ళకి వేరే వివరించాల్సిన పని లేకపోయింది, ఊరి చుట్టూ తుమ్మలే. చలికాలంలో ఆకులు దొరకవు కాబట్టి లూసర్న్ ఎండుగడ్డి పెడతామంది. లూసర్న్ అనగానే పాడి ఉన్న ఇళ్ళ పిల్లలు తలలెత్తారు.

తర్వాత జిరాఫీ వెనక్కి తిరిగి నడిచి వెళ్ళిపోయింది. ఐదారు నిమిషాలు దాని వీపు, తోక తప్ప ఏమీ లేదు. వీడియోలో అయితే ఇదంతా కోసేస్తారు. ఇక్కడ పిల్లలు ఒక్కరూ విసుక్కోలేదు, అది ఎప్పుడు తిరుగుతుందా అని కళ్ళార్పకుండా చూశారు. గొర్రెలు కాసే ఇంటి పిల్లాడొకడు ఉన్నాడు, క్లాసులో నోరు విప్పడు, పరీక్షల్లో అంతంత మాత్రం. వాడు ఉన్నట్టుండి లేచి "మేడం, నెమరేస్తా ఉంది!" అని అరిచాడు. నాకు కనపడలేదు. చూపించమన్నాను. వాడు ప్యానెల్ దగ్గరికి వచ్చి వేలితో చూపించాడు, మెడ కింద నుంచి ఒక ముద్ద చర్మం కింద బంతిలాగా పైకి పాకుతోంది, అంత పొడుగు మెడ వెంట, నోట్లోకి చేరింది, దవడ పక్కకి ఆడటం మొదలైంది. కాసేపు నమిలి మింగగానే ఆ ముద్ద కిందికి జారింది, మళ్ళీ ఇంకొకటి పైకి. గొర్రెలో, ఆవులో ఇంత స్పష్టంగా కనపడదు. పోషణ పాఠంలో నెమరు గురించి నేను బోర్డు మీద నాలుగు గదుల పొట్ట గీసి చెప్పి పదిహేను రోజులైంది, ఆ బొమ్మ వాళ్ళలో ఎంతమందికి ఎక్కిందో కానీ ఈ ముద్ద మాత్రం ఎవరూ మర్చిపోరు.

కీపర్‌కి చెబితే ఆవిడకి ఎంత సంతోషమో. ఇది పెద్దవాళ్ళు కూడా గమనించరు, మీ అబ్బాయికి ఎలా తెలిసిందని అడిగింది. వాళ్ళ నాన్నకి గొర్రెలున్నాయి అని చెప్పాను. వాడు ఆగలేదు, పై పళ్ళున్నాయా అని అడగమన్నాడు. గొర్రెకి, ఆవుకి పై దవడలో ముందు పళ్ళుండవు, గట్టి చిగురే ఉంటుంది, మరి దీనికి ఉంటాయా అని. ఆవిడ కొమ్మ చూపించి దాన్ని నోరు తెరిపించింది. లేవు! అచ్చం గొర్రె లాగే. వాడు వెనక్కి తిరిగి క్లాసుని చూసిన చూపు కోసం ఇంకో 7,000 అయినా కట్టొచ్చు అనిపించింది.

అక్కడి నుంచి ప్రశ్నలు ఆగలేదు. జిరాఫీ గిట్టలు కత్తిరించేటప్పుడు ఎలా పట్టుకుంటారు అని ఒక పాప అడిగింది, మా ఊళ్ళో ఎద్దుని పడేసి కాళ్ళు కట్టి నాడాలు కొడతారు అని కూడా చెప్పింది. పడేయం, దాని అంతట అదే కాలు తెచ్చి దిమ్మ మీద పెట్టేలా నెలల తరబడి నేర్పిస్తాం, పెట్టినప్పుడల్లా ఇష్టమైన తిండి ఇస్తాం అని ఆవిడ చేసి చూపించింది. మీకు భయం లేదా అంటే, దాని తన్నుకి సింహమే చచ్చిపోగలదు, అందుకే ఎప్పుడూ కంచెకి ఇవతలే ఉంటాను అంది. చూలు 15 నెలలు, పుట్టిన దూడే ఆరడుగులు ఉంటుందనేసరికి ఒకమ్మాయి "మరి జున్నుపాలు వస్తాయా" అని అడిగింది. మిగతా పిల్లలు నవ్వారు, నేను నవ్వలేదు, అనువదించి అడిగాను. వస్తాయి, ఆ మొదటి పాలు తాగితేనే దూడకి రోగాల్ని తట్టుకునే శక్తి వస్తుంది అని ఆవిడ చాలా శ్రద్ధగా చెప్పింది. జున్ను రుచి తెలిసిన పిల్లలకి అంతకంటే మంచి రోగనిరోధక శక్తి పాఠం నేను చెప్పలేను.

భాష గురించి. ఆవిడ యాస మొదట నాకే సగం అందలేదు. రెండు వాక్యాలు చెప్పి ఆగమని అడిగితే వెంటనే సర్దుకుంది, ఇది బుక్ చేసేటప్పుడే రాయండి. మధ్యలో టీచర్ నిలబడి తెలుగులో చెప్పాల్సిందే, అందువల్ల 45 నిమిషాల పాఠం నిజానికి పాతిక నిమిషాలకి కుదించుకుపోతుంది. కాబట్టి ఒక్క జంతువే పెట్టమనండి, మూడు జంతువులు చూపిస్తామంటే వద్దనండి. ముందుగా పంపిన వర్క్‌షీట్లు అన్నీ ఇంగ్లిష్‌లో, పేజీ నిండా రంగులు, ప్రింట్ తీయాలంటే మా బడి వల్ల కాదు. పక్కన పెట్టేసి పిల్లల చేతే తెలుగులో ప్రశ్నలు రాయించాను.

డబ్బు లేకపోతే ఏం చేయాలని కొందరు అడిగారు. అమెరికాలో సిన్సినాటి జూ వాళ్ళు 2020 మార్చిలో బళ్ళు మూసినప్పుడు రోజుకొక జంతువుతో లైవ్‌లు పెట్టారు, నెలలు నిండకుండా పుట్టి బతికిన ఫియోనా అనే నీటిగుర్రం పిల్లతో మొదలుపెట్టి. వాటి రికార్డింగులు ఉచితంగా దొరుకుతాయి. అమెరికాలోనే ఉన్న మాంటెరే బే అక్వేరియం లైవ్ కెమెరాలు చాలా బాగుంటాయి కానీ వాళ్ళ పగలు మన రాత్రి, ఇంట్లో చూసుకోవడానికి పనికొస్తాయి. స్కాట్లండ్‌లోని ఎడిన్‌బరో జూ పెంగ్విన్ల కెమెరా మన మధ్యాహ్నం పీరియడ్లకి సరిపోతుంది. వీటిలో అడిగితే జవాబు చెప్పే మనిషి ఉండరు, అదొక్కటే తేడా, నా దృష్టిలో అది పెద్ద తేడా.

తిరుపతి జూకి మా పిల్లల్ని తీసుకెళ్ళాలంటే తెల్లవారకముందే బస్సెక్కి రాత్రి పొద్దుపోయాక దిగాలి, ఆ ఖర్చు, ఆ బాధ్యత వేరే. విశాఖ, తిరుపతి, హైదరాబాద్ జూలలో జంతువుల్ని రోజూ చూసుకునే మనుషులు ఎంతమంది ఉన్నారో, వాళ్ళ దగ్గర ఎన్ని కబుర్లు ఉంటాయో. వాళ్ళలో ఒక్కరు వారానికి ఒక గంట ఫోన్ పట్టుకుని తెలుగులో మాట్లాడితే, నా అనువాదం లేకుండా పిల్లలు నేరుగా అడుగుతారు. అలాంటిది మొదలైన రోజు ముందు డబ్బు కట్టేది మేమే.

5కి 4 ఇస్తున్నాను, ఆ ఒక్కటి తగ్గించింది స్లైడ్లకి, టైము గొడవకి. ఫిబ్రవరిలో పెంగ్విన్ల పాఠం బుక్ చేశాం. ప్రశ్నలు సేకరించే పని ఆ గొర్రెల పిల్లాడికి అప్పగించాను, ఇప్పటికి నోటుబుక్కులో రెండు పేజీలు నింపాడు. ఈసారి మెయిల్‌లో మన టైమే రాయించుకున్నాను, మధ్యాహ్నం 3 గంటలు అని.