అమీన్‌పూర్ చెరువు గట్టున: 8×42నా, 10×42నా?

2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా గుర్తింపు పొందిన, హైదరాబాద్ శివారులోని ఈ చెరువుకు చలికాలం వలస బాతులు దిగగానే మొదలయ్యే ప్రశ్న: ఏ బైనాక్యులర్స్ కొనాలి? (8, 10 అంటే బొమ్మను అన్ని రెట్లు పెద్దగా చూపేవి; 42 అంటే ముందు కటకం వెడల్పు, మిల్లీమీటర్లలో.)

ధర: ఒకే కంపెనీలో పెద్ద తేడా ఉండదు.

వెలుతురు: మంచు పట్టిన తెల్లవారుజామున 8దే పైచేయి. 42ని 8తో భాగిస్తే కంటికి చేరే వెలుగు వలయం 5.25 మిల్లీమీటర్లు; 10తో 4.2 మాత్రమే.

వణుకు: 10 బొమ్మతో పాటు చేతి వణుకునూ పెంచుతుంది. చలిలో ఇక చెప్పక్కర్లేదు! కూర్చుని మోచేతులు మోకాళ్లకు ఆనిస్తే నయం.

దూరం: నడి చెరువులో సూదితోక బాతుల మధ్య వేరే బాతును పోల్చాలంటే 10. తుమ్మకొమ్మల్లో గెంతే పిట్టకు 8. చూపు వెడల్పు ఎక్కువ, పిట్ట జారిపోదు.

మొదటిసారి కొనేవారికి, పిల్లలతో వెళ్లేవారికి 8. ట్రైపాడ్ మోసే ఓపికుంటే 10. నా మెడలో 8 ఉంటుంది; దూరపువాటిని ‘ఏదో బాతు’ అని రాసుకుంటాను.