హారర్ తీయాలనుకునేవాళ్లు కొనాల్సిన డిస్క్: నైట్ ఆఫ్ ద లివింగ్ డెడ్, క్రైటీరియన్ ఎడిషన్

చచ్చినవాళ్లు లేచి జాంబీలై మనుషుల్ని తినడానికి వస్తుంటే కొందరు ఒక పాత ఇంట్లో దాక్కునే కథ ఇది. 1968లో వచ్చిన ఈ సినిమా నెట్‌లో ఫ్రీగా దొరుకుతుంది, అదీ చట్టబద్ధంగానే. ముందు అనుకున్న పేరు మార్చి ఇప్పుడున్న పేరు వేసినప్పుడు డిస్ట్రిబ్యూటర్ ప్రింట్ల మీద కాపీరైట్ లైను వేయలేదు. అప్పటి అమెరికా చట్టం ప్రకారం ఆ ఒక్క లైను లేకపోయేసరికి సినిమా అందరి సొత్తు అయిపోయింది. ఫ్రీగా ఉన్నదానికి డబ్బులు పెట్టి డిస్క్ ఎందుకు కొనాలి అంటారా? కథ తెలుసుకోవడానికైతే అక్కర్లేదు. హారర్ ఎలా తీస్తారో నేర్చుకోవడానికైతే కొనాల్సిందే. స్పాయిలర్స్ చాలా ఉన్నాయి, చూడనివాళ్లు ముందు సినిమా చూసేసి ఇది చదవండి.

నెట్‌లో తిరిగే కాపీల్లో చాలావాటిలో నలుపంతా ఒకే ముద్దలా కలిసిపోయి ఉంటుంది, మొహాలు తెల్లగా వెలిసిపోయి ఉంటాయి. కథ అర్థమవుతుంది కానీ లైటు ఎటు నుంచి పడుతోందో, గది మూలలో ఏముందో కనపడదు. మంచి సినిమాల్ని ఏరి డిస్కులుగా తెచ్చే అమెరికన్ కంపెనీ క్రైటీరియన్ 2018లో తెచ్చిన బ్లూ-రేలో ఉన్నది ఒరిజినల్ నెగటివ్ నుంచి చేసిన 4కె రిస్టొరేషన్, అంటే కెమెరాలో తీసిన అసలు ఫిల్మ్‌ని శుభ్రం చేసి తయారుచేసిన కొత్త కాపీ. న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్, పాత సినిమాల్ని కాపాడే ఫిల్మ్ ఫౌండేషన్ కలిసి చేయించాయి, డైరెక్టర్ జార్జ్ రొమేరో బతికుండగానే దగ్గరుండి చూసుకున్నాడు. ఈ ప్రింట్ చూశాకే ఈ సినిమా కెమెరా పనితనం ఏమిటో తెలుస్తుంది. ఆ పాత ఇంట్లో కింది నుంచి కొట్టిన లైటుకి మనుషుల నీడలు గోడ మీద ఎలా లేస్తాయో, కిటికీ చెక్కల సందుల్లోంచి చేతులు వచ్చేటప్పుడు ఎంత కనిపించేలా, ఎంత కనిపించకుండా పెట్టారో అంతా స్పష్టంగా ఉంటుంది. సినిమా తీసేవాళ్లకి డబ్బులు ఇక్కడే గిట్టుబాటవుతాయి.

మొదటి పది నిమిషాల స్మశానం సీన్ ఒక్కటి చాలు. జానీ, బార్బ్రా అన్నాచెల్లెళ్లు, తండ్రి సమాధి మీద పువ్వులు పెట్టడానికి వస్తారు. ఇంత దూరం రావడం దండగ అని జానీ సణుగుతుంటాడు. వాళ్ల మాటల మధ్యలో వెనక ఎక్కడో దూరంగా ఒక మనిషి నడుస్తూ ఫ్రేమ్‌లోకి వస్తాడు. సన్నగా, పొడుగ్గా, కోటు వేసుకుని ఉంటాడు. కెమెరా అతని మీదకి వెళ్లదు, ఇతన్ని గమనించండి అని ఎక్కడా చెప్పదు. ముందర అన్న చెల్లెల్ని ఏడిపిస్తూనే ఉంటాడు, వెనక ఆ మనిషి దగ్గరవుతూనే ఉంటాడు. చూస్తున్న మనకి అతను కనిపిస్తున్నాడు, వాళ్లకి పట్టలేదు, ఆ తేడాలోంచే టెన్షన్ పుడుతుంది. చివరికి బార్బ్రా మొహమాటపడి, అన్న అల్లరికి సారీ చెప్పబోయినట్టు అతని దగ్గరికి వెళ్తే అతను ఆమెను పట్టుకుంటాడు. అంతవరకు అతను ఎవరో దారిన పోయే మనిషే. నాకు తెలిసిన షార్ట్ ఫిల్ముల్లో చాలావాటిలో చీకటి గది, నిశ్శబ్దం, తర్వాత చెవులు పగిలేలా ఒక సౌండు, దాంతో పాటు ఒక మొహం, అంతే ఉంటుంది. ప్రేక్షకుడు ఉలిక్కిపడతాడు కానీ భయపడడు. ఇక్కడ పట్టపగలు, ఆరుబయట, వైడ్ షాట్‌లో భయపెట్టాడు.

ఆ పట్టుకున్న క్షణం నుంచి కెమెరా భాష మారిపోతుంది, ఇది మాత్రం డిస్క్ ఆపి ఆపి చూడండి. అప్పటిదాకా నిలకడగా ఉన్న ఫ్రేములు వంకరగా వాలిపోతాయి, షాట్లు పొట్టివవుతాయి, బార్బ్రా పరిగెడుతుంటే చెట్లు, సమాధులు పక్కకి ఒరిగినట్టు కనిపిస్తాయి. కారెక్కి తలుపులేసుకుంటుంది, తాళాలేమో జానీ జేబులో. హ్యాండ్‌బ్రేక్ తీస్తే కారు దానంతటదే పల్లంలోకి జారి చెట్టుకి రాసుకుని ఆగిపోతుంది. ఆ కారు యూనిట్‌లో ఒకరి అమ్మగారిది, షూటింగ్ మధ్యలో ఎవరో గుద్దితే సొట్ట పడింది, ఆ సొట్టకి కారణం చూపించడానికి చెట్టుకి తగలడం కథలోకి తెచ్చారు. కంటిన్యుటీ సమస్య, అంటే ఒక షాటుకీ ఇంకో షాటుకీ పొంతన లేకపోవడం, వచ్చినప్పుడు దాచిపెట్టడానికి తంటాలు పడకుండా సీన్‌లో కలిపేసుకోవడం అంటే ఇదీ.

బడ్జెట్ సంగతి చెప్పాలి. పిట్స్‌బర్గ్‌లో యాడ్ ఫిల్ములు తీసుకునే కుర్రాళ్లు వీళ్లు. పదిమంది తలా 600 డాలర్లు వేసుకుని మొదలుపెట్టారు, చివరికి ఖర్చు సుమారు 1,14,000 డాలర్లు తేలింది. దగ్గర్లోని ఎవాన్స్ సిటీలో కూల్చేయబోతున్న ఇల్లొకటి దొరికింది కాబట్టి గోడలకి మేకులు కొట్టినా, కిటికీలు పగలగొట్టినా అడిగేవాళ్లు లేరు. బ్లాక్ అండ్ వైట్ కాబట్టి రక్తానికి చాక్లెట్ సిరప్ సరిపోయింది. మ్యూజిక్ కూడా లైబ్రరీలో కొన్న స్టాక్ మ్యూజిక్, అంటే ఎవరైనా కొని వాడుకునేలా ముందే రికార్డు చేసి పెట్టినది. చాలామంది నటులు వేరే పనులు కూడా చేశారు: ఇంట్లో దాక్కున్నవాళ్లలో ఒకడైన హ్యారీ కూపర్‌గా వేసిన కార్ల్ హార్డ్‌మన్ నిర్మాతల్లో ఒకడు, సినిమాలో అతని కూతురు నిజంగానే అతని కూతురు. టీవీ రిపోర్టరుగా కనిపించే బిల్ కార్డిల్ నిజంగానే అక్కడి లోకల్ టీవీ మనిషి. తెలిసిన మొహం తెలిసిన గొంతుతో వార్తలు చెబుతుంటే అక్కడి జనానికి అది సినిమాలా అనిపించి ఉండదు. ఈ చివరి ఎత్తు మనం కూడా వాడుకోవచ్చు, మీ ఊళ్లో అందరికీ తెలిసిన లోకల్ ఛానల్ యాంకర్ ఒకరు ఒప్పుకుంటే చాలు.

డబ్బు లేకపోవడం స్క్రిప్టులో ఎలా పనికొచ్చిందో చూడాలంటే, ఆ ఇంట్లో చేరినవాళ్లలో ముఖ్యుడైన బెన్ తను చూసి వచ్చింది చెప్పే సీన్ చూడండి. పెట్రోలు బంకు దగ్గర మంటలంటుకున్న ట్రక్కు, దాని వెనకపడ్డ గుంపు, హోటల్ దగ్గర జరిగిన ఘోరం, ఇదంతా తీయాలంటే వాళ్ల బడ్జెట్ ఒక్క రోజుకే అయిపోయేది. తీయలేదు. బెన్‌గా వేసిన డ్వేన్ జోన్స్ చేత చెప్పించారు. అతను కూడా ఖాళీగా కూర్చుని చెప్పడు, కిటికీలకి కొట్టడానికి చెక్కల కోసం బల్ల విప్పుతూ, చేతులు ఆపకుండా చెప్తాడు. చెప్పేది ఎంత భయంకరంగా ఉందో అతని గొంతు అంత అదుపులో ఉంటుంది. డైలాగ్ సీన్లలో నటుడి చేతికి పని ఇవ్వాలని ఎన్నో చోట్ల చదువుతాం, దాని ఫలితం ఇంత బాగా కనిపించే సీన్ నేను ఇంకోటి చూడలేదు.

దాచడం ఎక్కడో, చూపించడం ఎక్కడో రొమేరోకి బాగా తెలుసు. బేస్‌మెంట్‌లో, జాంబీగా మారిన కూపర్ కూతురు తల్లి మీదకి తాపీ ఎత్తే సీన్‌లో పైకి లేచే చెయ్యి, గోడ మీద పడే మరకలు, తల్లి అరుపు, వీటినే తిప్పి తిప్పి కట్ చేశాడు. అరుపుకి ఎకో పెట్టి సాగదీశారు, మనిషి గొంతు కాస్తా యంత్రం మోతలా అయిపోతుంది. కళ్లు మూసుకుని ఒకసారి విని చూడండి, సగం భయం అక్కడే ఉంది. దీనికి పూర్తిగా వ్యతిరేకం, ఇంట్లోవాళ్లు పారిపోవడానికి తీసిన ట్రక్కు పేలిపోయాక జాంబీలు పేగులు, మాంసం తినే షాట్లు. అవి మొహమాటం లేకుండా దగ్గరగా, కాస్త ఎక్కువసేపే చూపిస్తాడు. అప్పటిదాకా ఆపి ఉంచాడు కాబట్టే అవి అంత బలంగా తగులుతాయి. 2021లో కర్నూలు నేపథ్యంలో వచ్చిన 'జాంబీ రెడ్డి' దాకా మనుషుల్ని కొరుక్కు తినే గుంపులన్నిటికీ మూలం ఇక్కడే ఉంది.

క్లైమాక్స్ గురించి ఎంత చెప్పినా తక్కువే. రాత్రంతా పోరాడి బతికిన బెన్‌ని తెల్లారాక వచ్చిన తుపాకుల గుంపు జాంబీ అనుకుని కాల్చేస్తుంది. ఆ తర్వాత సినిమా కదలడం ఆగిపోతుంది. పేపర్లో వచ్చే ఫోటోల్లా గరుకు గరుకు స్టిల్స్, వాటి మీద పేర్లు. కొక్కేలతో శవాన్ని లాగడం, మంటలో వేయడం, అన్నీ స్టిల్సే. బెన్‌గా వేసిన జోన్స్ నల్లజాతి నటుడు. నల్లజాతి నటుణ్ని దృష్టిలో పెట్టుకుని రాసిన పాత్ర కాదిది, ఆడిషన్‌లో బాగా చేశాడని తీసుకున్నారు. పూర్తయిన ప్రింట్ కార్లో వేసుకుని న్యూయార్క్ వెళ్తుంటే రేడియోలో నల్లజాతి నాయకుడు మార్టిన్ లూథర్ కింగ్ హత్య వార్త విన్నామని రొమేరో చెప్పాడు. ఆ కాలంలో ఆ ఫోటోలు చూసినవాళ్లకి ఏమనిపించి ఉంటుందో ఊహించుకోవచ్చు.

నచ్చనివి కూడా చెప్తాను. ఇంట్లోకి వచ్చాక బార్బ్రాని దాదాపు మూగబొమ్మని చేసేశారు, అంత బాగా మొదలైన పాత్రకి అన్యాయం జరిగింది. మధ్యలో టీవీ వార్తల సీన్లు సాగుతాయి, శుక్రగ్రహం, రేడియేషన్ అంటూ ఇచ్చిన కారణం లేకపోయినా ఏమీ తగ్గేది కాదు. స్టాక్ మ్యూజిక్ కొన్నిచోట్ల సీన్ కంటే ఎక్కువ అరుస్తుంది.

డిస్క్‌లో సినిమాతో పాటు ఇచ్చిన ఎక్స్‌ట్రాల్లో నాకు అన్నిటికంటే విలువైనవి 16 ఎం.ఎం. రషెస్ (కట్ చేయని షాట్లు), ఇంకో పాత పేరుతో ఉన్న వర్క్ ప్రింట్ (ఎడిటింగ్ మధ్యలో తయారైన కాపీ). కట్ చేయకముందు షాట్ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో రషెస్‌లో చూసి, ఫైనల్‌లో ఎంత ఉంచారో పోల్చుకుంటే ఎడిటింగ్ నేర్చుకునేవాళ్లకి దీన్ని మించిన క్లాసు ఉండదు. 1994లో రికార్డు చేసిన రెండు కామెంటరీలు మాత్రం పాత స్నేహితుల కబుర్లలా ఉంటాయి, టెక్నిక్ కంటే ప్రొడక్షన్ సంగతులే ఎక్కువ. డబ్బు ఎలా పోగుచేయాలో ఆలోచిస్తున్నవాళ్లు అవి తప్పక వినాలి. మ్యూజిక్ మీద, విజువల్ స్టైల్ మీద విడివిడిగా చిన్న ప్రోగ్రాములు ఉన్నాయి, రెండూ బాగున్నాయి.

కొనేముందు ఒక్కటి చూసుకోండి. బ్లూ-రేలు రీజియన్లుగా పంచి ఉంటాయి, ఒక రీజియన్ డిస్క్ ఇంకో రీజియన్ ప్లేయర్‌లో ఆడదు. అమెరికాలో అమ్మే బ్లూ-రే రీజియన్ ఎ, ఇండియా రీజియన్ సి, కాబట్టి మనవైపు మామూలు ప్లేయర్‌లో అది ఆడదు. 2022లో వచ్చిన 4కె సెట్‌లో సినిమా ఉన్న 4కె డిస్క్‌కి రీజియన్ గొడవ లేదు గానీ ఎక్స్‌ట్రాలున్న బ్లూ-రేకి ఉంది. రీజియన్ ఫ్రీ ప్లేయర్ ఉంటేనే మొత్తం ఉపయోగం. అమెరికాలో ఉన్నవాళ్లు సగం ధర సేల్ వచ్చేదాకా ఆగి తీసుకోవచ్చు. ఇండియాలో అయితే షిప్పింగ్, కస్టమ్స్ కలిపి బాగానే పడుతుంది, షార్ట్ ఫిల్మ్ గ్యాంగులో నలుగురు కలిసి ఒకటి తెప్పించుకుని, ఆ స్మశానం సీన్ ముందు మ్యూట్‌లో, తర్వాత సౌండుతో చూసి షాట్ డివిజన్ కాగితం మీద రాసుకోండి.