ఎవరో మొదలుపెట్టిన షడ్భుజాల క్విల్ట్: నాలుగేళ్లు కప్పుకున్నాక

సగంలో ఆగిపోయిన క్విల్ట్ (ముక్కలు అతికిన పైపొర, మధ్యలో పలచటి మెత్తటి పొర, కింద అస్తరు కలిపి కుట్టే బొంత లాంటి దుప్పటి) కొనవచ్చా అంటే, నిస్సంకోచంగా కొనండి అంటాను. కానీ గుడ్డ అందం చూసి కాదు, కుట్టు చూసి కొనండి. అమెరికాలోని ఒహాయోలో ఒక ఎస్టేట్ సేల్‌లో, అంటే ఒక ఇంటి సామానంతా అమ్మేసే చోట, నలభై డాలర్లకు తెచ్చుకున్నదాన్ని నేను పూర్తిచేసి నాలుగేళ్లు దాటింది. అప్పటి నుంచీ అది బీరువాలో దాచిన వస్తువు కాదు, మా మంచం మీద రోజూ కప్పుకునే దుప్పటి. అందుకే ఏది నిలిచింది, ఏది నిలవలేదు అన్నది గట్టిగా చెప్పగలను.

నేను కొనేనాటికి పైపొర మూడింట రెండు వంతులు అయింది. మధ్యలో ఒక పసుపు ముక్క, దాని చుట్టూ ఆరు, వాటి చుట్టూ పన్నెండు. ఇలా 19 ముక్కలకు ఒక పువ్వు. పువ్వుల మధ్య తెల్ల ముక్కల దారి. అమెరికాలో దీన్ని గ్రాండ్‌మదర్స్ ఫ్లవర్ గార్డెన్, అంటే బామ్మగారి పూలతోట అంటారు. షడ్భుజాల నమూనా గోడీస్ లేడీస్ బుక్ అనే పత్రికలో 1835లోనే వచ్చినా, ఇంటింటా విపరీతంగా కుట్టింది 1920లు, 30లలో. 30ల ఆర్థిక మాంద్యం రోజుల్లో పిండి, కోళ్ల దాణా పూల అచ్చు వేసిన నూలు సంచుల్లో వచ్చేవి. సంచి ఖాళీ అయితే కుట్టు విప్పి పిల్లలకు గౌన్లు కుట్టేవారు, మిగిలిన పీలికలు క్విల్ట్‌లోకి వెళ్లేవి. నా దాంట్లో కొన్ని ముక్కల మీద వరుసగా పెద్ద పెద్ద సూది బెజ్జాలున్నాయి. సంచి కుట్టు విప్పిన ఆనవాళ్లవి.

నన్ను కట్టిపడేసింది మాత్రం వెనక వైపు. ఈ పద్ధతిలో కాగితాన్ని ఆరు మూలలుగా కత్తిరించి, గుడ్డను దాని మీదికి మడిచి టాకాలు వేస్తారు. తర్వాత రెండు ముక్కల అంచులు కలిపి సన్నగా కుడతారు. చుట్టూ ఆరు ముక్కలూ కలిశాకే మధ్య కాగితం తీయాలి. ఈ క్విల్ట్ మొదలుపెట్టిన, పేరు తెలియని ఆవిడ చాలా కాగితాలు తీయలేదు. వార్తాపత్రిక, చర్చి కరపత్రం, కరెంటు బిల్లు, ఎవరో పిల్లవాడి కూడికల లెక్కలు... అన్నీ అంగుళం భుజం ఉన్న ముక్కలుగా. ఒకదాని మీద 1938 అని ఉంది. అంటే ఆ ముక్క అంతకుముందు కుట్టింది కాదు. ఆ తర్వాత ఎప్పుడైనా కుట్టి ఉండవచ్చు, పాత కాగితాల కట్ట ఇంట్లో ఎన్నేళ్లయినా ఉంటుంది కదా. అమ్మేవాళ్లు కాగితం మీది తేదీ చూపించి క్విల్ట్ వయసు చెబితే ఈ సంగతి గుర్తుంచుకోండి. పాత కాగితంలోని ఆమ్లం గుడ్డకు గోధుమ మరకలు పట్టిస్తుంది కాబట్టి, వాటన్నిటినీ జాగ్రత్తగా తీసి విడిగా భద్రపరిచాను.

ఉతకడం గురించి: పూర్తికాని పైపొరను మెషీన్‌లో వేయకండి, అంచుల పోగులు ఊడిపోతాయి. దుప్పటి మీద పరిచి, దుప్పటితో సహా టబ్బులో చల్లటి నీళ్లలో నానబెట్టి, దుప్పటితోనే పైకెత్తాలి. టీ డికాక్షన్ రంగులో వచ్చిన నీళ్లు పారబోస్తూ, తేటగా వచ్చేదాకా మార్చాలి.

ఇక కుట్టు. ఆవిడ కుట్లు ఎంత దగ్గరగా ఉన్నాయంటే లెక్కపెట్టడానికి భూతద్దం కావాల్సి వచ్చింది. నా కుట్లు కొంచెం పెద్దవి. తేడా తెలియకుండా పాతవి కూడా విప్పి కుట్టమని ఒకరిద్దరు సలహా ఇచ్చారు. ఆ పని చేయకూడదని నా గట్టి అభిప్రాయం. ఆవిడ చెయ్యి ఎక్కడ ఆగిందో, నా చెయ్యి ఎక్కడ మొదలైందో కనిపించాలి. రెండూ ఒకే పనిలో ఉండటమే దీని విలువ.

కొత్త ముక్కలకు 1930ల నమూనాల గుడ్డలు ఇప్పటికీ క్విల్ట్ దుకాణాల్లో దొరుకుతాయి. వాటితో ఇబ్బంది లేదు. తెలుపుతోనే తంటా. పాత తెలుపు మీగడ రంగుకు తిరిగి ఉంటుంది, కొత్త తెలుపు పక్కన పెడితే కళ్లలో పొడుస్తుంది. కోరా గుడ్డను బాగా ఉతికి వాడితే అతుకుతుంది. ఇవాళ దూరం నుంచి చూస్తే దారిలో ఏది పాతదో చెప్పడం కష్టం.

అస్తరుకు అమ్మ తెచ్చిన మంగళగిరి నూలు చీర వాడాను. అయిదున్నర మీటర్ల చీరను అడ్డంగా రెండు ముక్కలు చేసి పక్కపక్కన అతికితే 72 అంగుళాల వెడల్పు, 84 అంగుళాల పొడవు ఉన్న క్విల్ట్‌కు సరిపోయి ఇంకా మిగులుతుంది. జరీ అంచులో సూది దిగదు, అందుకని అంచు ముందే తీసేయాలి. "ఉతికి మెత్తబడిన చీరయితే సూది వెన్నలో దిగినట్టు దిగుతుంది, మన బొంతలకు అందుకే పాత చీరలు వాడతాం" అంది అమ్మ. నిజమే, చేత్తో క్విల్టింగ్ చేసినంతసేపూ, అంటే మూడు పొరలూ కలిపి కుట్టినంతసేపూ, వేళ్లు నొప్పి పుట్టలేదు. లోపల పలచటి నూలు బ్యాటింగ్, అంటే పరుపులా పరిచే దూది పొర, పెట్టాను. మొదటి ఉతుకులో కొద్దిగా కుంచించుకుని పాత క్విల్టుల్లో ఉండే ముడతలు వచ్చాయి.

ఇన్నేళ్ల వాడకంలో ఆవిడ వేసిన కుట్టు ఒక్కటి కూడా విడిపోలేదు. చీర అస్తరు కాళ్ల వైపు కొంచెం పలచబడింది, చిరగలేదు. చుట్టూ వంకరటింకరగా ఉన్న అంచును ఆకుపచ్చ పట్టీ మీద పరిచి హెమ్మింగ్ చేశాను. నా పనిలో నాకు బాగా నచ్చింది అదే. మూలలు ఇప్పటికీ చక్కగా ఉన్నాయి. దెబ్బతిన్నవి గోధుమ రంగు ముక్కలు. పాతకాలంలో గోధుమ, నలుపు రంగులకు ఇనుప లవణాలు వాడేవారు, అవి ఏళ్లు గడిచేకొద్దీ నూలును తినేస్తాయి. ఆ పీలికలు మిగతా వాటికంటే పాతవై ఉండాలి. చివికిన ముక్కను తీయకుండా, దాని మీద కొత్త ముక్క పరిచి చుట్టూ కుడుతున్నాను.

త్వరగా అయిపోతుందని మాత్రం కొనకండి. ఈ కొలతకు రెండు వేల పైచిలుకు ముక్కలు కావాలి, మూడో వంతు మిగిలిందంటేనే ఎన్నో నెలల సాయంత్రాలు. చూసేటప్పుడు నాలుగైదు చోట్ల రెండు ముక్కలను మెల్లగా ఇటూ అటూ లాగండి. కుట్టు మధ్య వెలుతురు కనిపిస్తే వదిలేయండి. గోధుమ, నలుపు ముక్కలను వేలితో నిమిరి చూడండి, పొడిలా రాలితే బేరం ఆడండి. విడి ముక్కల డబ్బా ఏదైనా ఉందా అని తప్పకుండా అడగండి. నాకు అడిగితేనే ఇచ్చారు. అందులో కత్తిరించి పెట్టుకున్న పసుపు ముక్కలు నా పువ్వులన్నిటికీ సరిపోయాయి.