రీస్టోర్ చేసిన ఎంజీబీతో మొదటి ప్రయాణాలు: దారులు, బసలు, సర్వీసులు

పాత స్పోర్ట్స్ కారు పని పూర్తయి వర్క్‌షాపు నుంచి బయటికి వచ్చిందనగానే స్నేహితులంతా దాన్ని ఎక్కడికి తీసుకెళ్తున్నావని అడిగారు. ఒక్కొక్కరు ఒక్కో వ్యూ పాయింట్ చెప్పారు. నేను మాత్రం మ్యాపు ముందేసుకుని, బండి ఆగిపోయినా ఇబ్బంది లేని చోట్లు ఏవో వెతికాను. ఈ కొద్ది నెలల్లో తిరిగిన దారులనూ, దిగిన బసలనూ, చేయించుకున్న సర్వీసులనూ ఆ లెక్కన తూచి రాస్తున్నాను. ఇలాంటి బండి ఉన్నవాళ్లకు పనికొస్తుంది.

బండి 1966 మోడల్ ఎంజీబీ రోడ్‌స్టర్, అంటే పైకప్పు విప్పే రెండు సీట్ల కారు. ఇంగ్లండులో అబింగ్డన్ ఫ్యాక్టరీ 1962 నుంచి 1980 దాకా ఈ మోడల్‌ను తయారుచేసింది. ఐదు లక్షలకు పైగా రోడ్డెక్కాయి కాబట్టి విడిభాగాలకు కొదవ లేదు. 1988 నుంచి బాడీ షెల్ కూడా కొత్తది దొరుకుతోంది. ఇంజిన్ 1798 సీసీ, ఎస్‌యూ కంపెనీవి రెండు కార్బురేటర్లు. పిస్టన్ రింగులు, బేరింగులు, క్యామ్ షాఫ్ట్ అన్నీ కొత్తవి వేయించాను. అందుకని మెకానిక్ తాళంచెవి ఇస్తూ షరతులు పెట్టాడు: మొదటి 800 కిలోమీటర్లూ 3,000 ఆర్‌పీఎం దాటకూడదు, ఆ తరవాత ఆయిల్ మార్చి, ఇంజిన్ హెడ్ నట్లు మళ్లీ బిగించి, టాపెట్లు (వాల్వుల దగ్గరి ఖాళీ) సరిచూడాలి. ఇంకో మాట కూడా అన్నాడు. "నెమ్మదిగా అన్నాను కదా అని ఒకే స్పీడులో పోనివ్వకండి సార్, రింగులు కూర్చోవు." కొత్త రింగులు సిలిండర్ గోడకు సర్దుకోవాలంటే కాస్త లోడు పడాలి, మళ్లీ తగ్గాలి, మళ్లీ పడాలి. బండిని నిలబెట్టి గంటల తరబడి ఐడిల్‌లో ఉంచడం ఇంకా చెడ్డది.

ఈ ఒక్క మాటతో సగం దారులు లిస్టులోంచి ఎగిరిపోయాయి.

ఊరి బయట రెండు వరసల రోడ్డు ఒకటి ఉంది. చూడ్డానికి అందులో ఏమీ లేదు. చిన్న చిన్న ఎత్తుపల్లాలు, రెండు పక్కలా బండి దించుకునేంత మట్టి అంచు, మధ్యమధ్యలో చెట్ల నీడ, దారి పొడవునా ఫోన్ సిగ్నల్. ఇంతకంటే మంచి దారి నాకు ఇప్పటికీ దొరకలేదు. ఎత్తు వచ్చినప్పుడు థర్డ్ గేరులో కాస్త తొక్కడం, దిగుడులో కాలు తీసేయడం. రింగులకు కావలసిన వ్యాయామం దారే చేయిస్తుంది. ఇంటి నుంచి ఎటు తిరిగినా ఎక్కువ దూరం పోకుండా మళ్లీ ఇంటివైపే వచ్చేలా మలుపులున్నాయి. మొదట్లో కొద్ది దూరం పోవడం, ఆగి బానెట్ ఎత్తడం, చేత్తో తడిమి చూడడం, మళ్లీ కదలడం. స్పోక్ చక్రాల మధ్య నట్టును రాగి సుత్తితో మరోసారి బిగించాల్సింది కూడా ఇప్పుడే. కొత్తగా ఎక్కించిన చక్రం కాస్త తిరిగాక సర్దుకుని వదులవుతుంది.

హైవే గురించి పెద్దగా చెప్పేది లేదు. టాప్ గేరులో 80 కిలోమీటర్ల వేగానికి ఇంజిన్ దాదాపు 2,800 తిరుగుతుంది. ఓవర్‌డ్రైవ్ (టాప్ గేరు పైన ఇంజిన్ తిరుగుడు తగ్గించే అదనపు గేరు) వేస్తే 2,200 దగ్గరికి దిగుతుంది. అంటే షరతు లోపలే హాయిగా పోవచ్చు. కానీ గంటసేపు ఒకే స్పీడు, పక్కనుంచి లారీ పోతే బండి ఊగడం, ఆగాలంటే చోటు లేకపోవడం. 800 దాటాక చూసుకోవచ్చు.

చెరువు గట్టు రోడ్డును అందరూ మెచ్చుకున్నారు. ఫొటోలకు బాగుంటుంది, ఒప్పుకుంటాను. సెలవు రోజు సాయంత్రం మాత్రం అది రోడ్డు కాదు, పార్కింగు. ఈ బండిలో రేడియేటర్ ఫ్యాన్ ఇంజిన్‌తోనే తిరుగుతుంది, కాబట్టి కార్ల వరసలో పాకుతున్నప్పుడు గాలి చాలదు. 190 ఫారన్‌హీట్ దగ్గర ఉండాల్సిన టెంపరేచర్ ముల్లు మెల్లగా పైకి జరుగుతుంటే సూర్యాస్తమయం ఎవరు చూస్తారు? పైగా 1967కి ముందు బండ్లలో ఆల్టర్నేటర్ లేదు, డైనమో. ఐడిల్‌లో అది ఇచ్చే కరెంటు హెడ్‌లైట్లకే సరిపోదు, మిగతాది బ్యాటరీ నుంచి పోతూనే ఉంటుంది. అదే రోడ్డుకు పనిరోజున తెల్లవారుజామున వెళ్తే పూర్తి మార్కులు వేస్తాను.

ఇక ఘాట్ రోడ్డు. ఈ బండి పుట్టింది ఇలాంటి దారి కోసమే అంటారు. మాట నిజమే, స్టీరింగ్ బరువుగా, ఖచ్చితంగా ఉంటుంది, మలుపులో ముక్కు ఎటు చూపిస్తే అటే పోతుంది. కానీ దగ్గరకు వంగే హెయిర్‌పిన్ మలుపుల దగ్గర ఒక చిక్కుంది. 1967 దాకా వచ్చిన గేర్‌బాక్సులో ఫస్ట్ గేరుకు సింక్రోమెష్ లేదు, అంటే బండి కదులుతుండగా గేరు సాఫీగా పడేలా చేసే ఏర్పాటు లేదు. సెకండ్‌లో ఎక్కిద్దామంటే ఇంజిన్ గింజుకుంటుంది, కొత్త బేరింగులకు అది మంచిది కాదు. ఫస్ట్‌లోకి దించుదామంటే బండి పూర్తిగా ఆగాలి, లేదా క్లచ్ తొక్కి న్యూట్రల్‌లోకి తెచ్చి, వదిలి, యాక్సిలరేటర్ ఒకసారి ఇచ్చి, మళ్లీ క్లచ్ తొక్కి గేరు వేయాలి. వెనక బస్సు హారన్ కొడుతుండగా ఇది చేయడానికి చేతికి అలవాటుండాలి. సమతలంలో బాగా సాధన చేశాకే అక్కడికి వెళ్లాను. దిగేటప్పుడు సంగతి వేరు. బ్రేకులకు సర్వో (పెడల్ బలాన్ని పెంచే పరికరం) సాయం లేదు, అన్ని చక్రాలకూ కలిపి ఒకే హైడ్రాలిక్ సర్క్యూట్. ఎక్కడ ఒక్క పైపు కారినా పెడల్ నేలకు తగులుతుంది. అందుకే ఎక్కిన గేరులోనే దిగాలి, హ్యాండ్ బ్రేక్ సరిగా పట్టేలా ముందే చూసుకోవాలి. 800 కిలోమీటర్ల సర్వీసు కాకముందు ఘాట్ వద్దు. అయ్యాక మాత్రం ఆలస్యం చేయకండి.

బసల విషయంలో నా కొలతలు మారిపోయాయి. కొండ పైన పెద్ద రిసార్టులో గది బాగుంది, పడక బాగుంది, మనుషులు మర్యాదగా ఉన్నారు. కానీ కారును పార్క్ చేసే వాలె అబ్బాయికే ఇవ్వాలన్నారు. చోక్ ఎంత లాగాలో, ఫస్ట్ గేరు ఎప్పుడు వేయాలో తెలియని అబ్బాయి చేతికి, నిన్నగాక మొన్న కట్టిన గేర్‌బాక్సు! నేనే దించుతానంటే మేనేజరు దాకా వెళ్లాల్సి వచ్చింది. బేస్‌మెంట్ ర్యాంపు ఎంత నిటారుగా ఉందంటే ఎగ్జాస్ట్ పైపు నేలకు రాసుకుంది. మళ్లీ వెళ్లను. వెళ్లినా వేరే బండిలో.

దారిలో చిన్న గెస్ట్‌హౌస్ ఒకటి దీనికి పూర్తిగా వ్యతిరేకం. గదులు పాతవి, వేడినీళ్లు పొద్దున మాత్రమే. అయితేనేం, కిటికీ కిందే రేకుల షెడ్డు, సమతలమైన సిమెంటు నేల, రాత్రంతా లైటు. ఈ బండి టాపు ఊచలతో సహా విప్పి డిక్కీలో పెట్టే రకం. వాన మొదలయ్యాక బిగించడం మొదలుపెడితే అయ్యేసరికి సీట్లు తడుస్తాయి. కాబట్టి షెడ్డు ఉందా అని ఫోన్లోనే అడుగుతాను. బండి కింద పరవడానికి అట్టపెట్టె ముక్క ఒకటి వెంట తీసుకెళ్తాను. గెస్ట్‌హౌస్ వాళ్ల నేల పాడవకుండా ఉంటుంది, పొద్దున లేచి చూస్తే రాత్రి ఏం కారిందో దాని మీద రాసిపెట్టినట్టే ఉంటుంది. ఇంజిన్ కింద ఒకటి రెండు నల్ల చుక్కలుంటే ఈ వయసు బండికి మామూలే. ముందు భాగంలో తడి ఉండి తియ్యని వాసన వస్తే కూలెంట్. చక్రం లోపలి పక్క జిడ్డు కనిపిస్తే ఆ రోజు ప్రయాణం మానుకోవాలి, అది బ్రేక్ ఫ్లూయిడ్ కావచ్చు.

పెట్రోల్ బంకుల్లో నేను చూసేది నాజిల్ పట్టుకునే మనిషిని. ట్యాంకు మూత వెనక ప్యానెల్ మీద, బంపరుకు కాస్త పైన ఉంటుంది. కొత్త కార్లలా ఆటోమేటిక్‌గా ఆగుతుందని వదిలేస్తే పెట్రోల్ వెనక్కి చిమ్మి, కొత్త పెయింటు మీదుగా బంపరు దాకా కారుతుంది. చుట్టూ బట్ట కట్టి, చివర్లో కొంచెం కొంచెంగా పోయనిచ్చిన బంకులకే మళ్లీ వెళ్తున్నాను. టైర్ల దుకాణాల్లో చాలావాటికి స్పోక్ చక్రాన్ని బ్యాలెన్సింగ్ మెషీన్‌కు ఎక్కించే సరైన కోన్ లేదు. లేకపోతే లేదని చెప్పినవాళ్లు నయం. ఒకచోట మాత్రం మధ్య నట్టును రెండు పక్కలా ఒకే దిశలో తిప్పబోయారు. ఎడమ, కుడి పక్కల మరలు వ్యతిరేక దిశల్లో ఉంటాయి. సమయానికి పక్కనే ఉన్నాను కాబట్టి సరిపోయింది.

రోడ్డు మీద సాయం సంగతి అసలు పరీక్ష. రెండు వరసల రోడ్డు మీదే ఒకరోజు ఇంజిన్ టక్కున ఆగిపోయింది. తాళం తిప్పితే వెనక చక్రం దగ్గర పెట్రోల్ పంపు టిక్కు టిక్కుమని కొట్టి ఆగింది. కార్బురేటర్లు నిండాయి, అంటే పెట్రోల్ బాగానే ఉంది. స్టార్టర్ కూడా గట్టిగానే తిప్పుతోంది. ఇక మిగిలింది ఇగ్నిషన్. నేను బానెట్ కింద వెతుకుతుండగానే ఇన్సూరెన్స్ వాళ్లు పంపిన కుర్రాడు వచ్చాడు. వేగానికి వంక పెట్టలేను. కానీ దిగుతూనే జంపర్ కేబుళ్లు తీశాడు. ఈ బండికి బ్యాటరీలు రెండు, ఒక్కోటి 6 వోల్టులు, సీట్ల వెనక మూత కింద ఉంటాయి; పైగా పాజిటివ్ ఎర్త్, అంటే బాడీకి కలిసేది ప్లస్. మామూలు కారుతో కేబుళ్లు కలిపి, రెండు బండ్ల బంపర్లు ఒకదానికొకటి తగిలాయంటే షార్టే. ఓపిగ్గా చెబితే విన్నాడు. ఆ తరవాత టార్చి పట్టుకుని తప్పు కనిపెట్టింది కూడా అతనే: కాయిల్ మీది సన్న వైరు క్లిప్పు వదులుగా ఊగుతోంది. వర్క్‌షాపులో దాన్ని సరిగా నొక్కలేదు. ప్లయర్‌తో ఒక్క నొక్కు నొక్కితే బండి కదిలింది.

తరవాత వాళ్ల ఆఫీసుకు ఫోన్ చేసి, నిజంగా మోసుకెళ్లాల్సి వస్తే ఏ ట్రక్కు పంపుతారని అడిగాను. ఏది ఖాళీగా ఉంటే అది, అన్నారు. కొక్కేనికి తగిలించి ఈడ్చే ట్రక్కయితే ముందు వ్యాలెన్స్ (బంపరు కింది రేకు) పోతుంది. అందుకే ఫ్లాట్‌బెడ్ మాత్రమే పంపాలని పాలసీ మీదే రాయించుకున్నాను. దానికి ఉత్తరాల మీద ఉత్తరాలు పడ్డాయి గానీ చివరికి రాశారు. గ్లవ్ బాక్సులో ఇప్పుడు పెద్ద అక్షరాలతో ఒక కాగితం ఉంది: పాజిటివ్ ఎర్త్, బ్యాటరీలు సీట్ల వెనక, ఫ్లాట్‌బెడ్ మాత్రమే, ఎక్కించేటప్పుడు ముందు చక్రాల కింద పలకలు వేయాలి, బెల్టులు స్పోకులకు కట్టకూడదు.