కోరపన్ను అరిగింది జెల్ వల్ల కాదు

మూడేళ్ళ కింద ఒక క్లినిక్‌లో నా పళ్ళకు అచ్చు తీసి, పల్చటి ట్రేలు చేసిచ్చారు. వాటిలో పళ్ళను తెల్లబరిచే 10 శాతం కార్బమైడ్ పెరాక్సైడ్ జెల్ వేసుకుని రాత్రి పడుకోవాలి. మొదట, మధ్యలో కొన్నాళ్ళు ఆపి, మొత్తం రెండు వారాలు వాడాను. ఆ తర్వాత ఏడాదికోసారి రెండు మూడు రాత్రులు వాడుతున్నాను. ఎంత తెల్లబడ్డాయో తర్వాత చెబుతాను. ఎనామిల్, అంటే పంటి మీది గట్టి పొర, పోతుందేమోనన్న భయమే నన్ను ఎక్కువ ఏడిపించింది కాబట్టి ముందు ఆ సంగతి.

అప్పటికి నాలుగు రాత్రులు పెట్టుకున్నాను. డిసెంబరు పొద్దున ట్యాంకు నీళ్ళతో పుక్కిలించగానే పైన ఎడమ కోరపన్ను నుంచి కణత దాకా జివ్వున లాగింది. అద్దంలో చూస్తే చిగురు పక్కన పన్ను పసుపు పచ్చగా, గుంట పడినట్టు ఉంది. గోటితో గీస్తే గోరు అక్కడ ఆగింది. జెల్లే తినేసిందనుకున్నాను. ఎనామిల్ ఒకసారి పోతే మళ్ళీ పెరగదని తెలుసు. ఆఫీసులో ఒక్క పనీ సాగలేదు. సాయంత్రం ఇంకో డాక్టరు దగ్గర నా నంబరు కోసం కూర్చున్నప్పుడు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

డాక్టరమ్మ ఆ పంటి మీద గాలి కొట్టి చూశారు. "ఇది నాలుగు రోజుల్లో పడ్డ గుంట కాదు. ఇంతకుముందు దేంతో తోముకునేవారమ్మా?" అన్నారు.

బొగ్గుపొడితో. నల్ల డబ్బా మీద 'సహజం' అని రాసుంటే నమ్మి, గట్టి బ్రష్‌తో అడ్డంగా రెండేళ్ళు రుద్దాను. ఆ రాపిడికి చిగురు వెనక్కి జరిగి వేరు బయటపడింది. వేరు మీద ఎనామిల్ ఉండదు, ఆ మెత్తటి చోటే అరిగింది. పెరాక్సైడ్ అటు నుంచి నరం దాకా తేలిగ్గా వెళ్ళింది. ట్రేలు ఇచ్చిన చోట ఈ ఒక్క ప్రశ్న ఎవరూ అడగలేదు. ఆ బాధ నాకు ఇంకా పోలేదు.

ఆవిడ చెప్పింది ఇదీ: 10 శాతం జెల్ నుంచి వచ్చే హైడ్రోజన్ పెరాక్సైడ్ దాదాపు 3.5 శాతం. అది పంటి లోపలి రంగు పదార్థాలను విరగ్గొడుతుంది. పైపొర కాస్త మెత్తబడినా లాలాజలంలోని కాల్షియం, ఫాస్ఫేటు దాన్ని మళ్ళీ గట్టిపరుస్తాయి. రుద్ది అరగదీసింది మాత్రం తిరిగి రాదు. గుంటకు ఫిల్లింగ్ పెట్టి, పది రోజులు జెల్ ఆపించి, జివ్వుమనడం తగ్గించే పొటాషియం నైట్రేట్ ఉన్న పేస్టు ఇచ్చారు. తర్వాత రాత్రి విడిచి రాత్రి, పంటికి బియ్యపుగింజంత చుక్క చాలన్నారు. అప్పటి నుంచి ఒక్కసారి కూడా జివ్వుమనలేదు.

ఇక తెలుపు సంగతి. మొదటి నెలలో కనిపించిన వాళ్ళందరికీ బ్రహ్మాండం అని చెప్పాను. ఆ తెలుపులో కొంత, పళ్ళు తడారడం వల్ల కనిపించేదేనని తర్వాత తెలిసింది. మాది నల్గొండ వైపు, చిన్నప్పుడు తాగింది బోరు నీళ్ళే. ఫ్లోరైడ్ మచ్చలు మొదటి వారం ఇంకా తెల్లగా తేలాయి. "అక్కా, ఆ మచ్చలేంటి?" అని మా చెల్లి అడిగింది కూడా. పోనుపోను కలిసిపోయాయి. ముందు పంటి మీది గోధుమరంగు మచ్చ పల్చబడింది కానీ పోలేదు. రోజుకు మూడు టీలు తాగుతాను, ఏడాది తిరిగేసరికి రంగు కొంత వెనక్కి వస్తుంది. క్యాప్ వేయించిన పన్ను అసలు మారలేదు. ఇప్పుడు పక్కవాటి మధ్య అదొక్కటే తేడాగా కనిపిస్తోంది.

నాకు 38 ఏళ్ళు. పుచ్చు పళ్ళు లేవు, ఆర్నెల్లకోసారి డాక్టరుకు చూపిస్తాను. ఇలాంటి నాకు ఈ జెల్ బాగానే సరిపోయింది. పుచ్చులో పగుళ్ళో ఉన్నవాళ్ళకు ఇదే మాట చెప్పలేను. మా అమ్మాయికి 15, తనకూ కావాలంటోంది. యూరప్‌లో ఇలాంటి జెల్‌లు 18 నిండనివాళ్ళకు వాడకూడదన్న నియమం ఉంది. ఆగమన్నాను. బొగ్గుపొడి డబ్బా మాత్రం ఇంట్లోకి రానివ్వడం లేదు.