స్కాట్లండ్ పెద్దింటి ప్రేమకథ: క్రిస్మస్‌లో పెట్టాలా, హాగ్మనేలో పెట్టాలా?

1750 డిసెంబరు 25. స్కాట్లండ్ కొండసీమ హైలాండ్స్‌లో ఓ కోట. హాల్లో కొవ్వొత్తులు వెలిగించిన క్రిస్మస్ చెట్టు. ఏడుగురు అన్నదమ్ములు తమ వంశపు గళ్ళబట్ట టార్టన్‌తో కుట్టిన కిల్టుల్లో, అంటే మోకాళ్ళ దాకా వచ్చే మగవాళ్ళ లంగాల్లో, మెరిసిపోతున్నారు. గుమ్మానికి కట్టిన మిసల్టో కొమ్మ కింద పెద్దవాడు లండన్ పిల్లను ముద్దు పెట్టుకుంటాడు. ఆపైన అందరూ చేతులు పట్టుకుని 'ఆల్డ్ లాంగ్ సైన్' పాట అందుకుంటారు.

స్కాట్లండ్ పండగ రొమాన్సు నవలికల్లో తరచూ ఎదురయ్యే సన్నివేశం ఇది. ముచ్చటగానే ఉంటుంది, కాకపోతే ఇందులో నమ్మదగింది చలి ఒక్కటే. క్రిస్మస్ చెట్టు బ్రిటన్ ఇళ్ళలో బాగా వ్యాపించింది 1848 తర్వాత, విక్టోరియా రాణి కుటుంబం చెట్టు చుట్టూ నిలబడ్డ బొమ్మ ఒక పత్రికలో అచ్చయ్యాక. కిల్టు కట్టిన మగవాడికి 1746 చట్టం ప్రకారం మొదటిసారి ఆరు నెలల జైలు, రెండోసారి ఏడేళ్ళ ద్వీపాంతరం. సైన్యంలో ఉన్నవాళ్ళకే మినహాయింపు. ఆ చట్టం 1782 దాకా పోలేదు. వంశానికో టార్టన్ అనే లెక్క స్థిరపడింది 19వ శతాబ్దంలో. ఇక పాట అంటారా, మనకు తెలిసిన మాటలు రాసిన రాబర్ట్ బర్న్స్ 1750 నాటికి ఇంకా పుట్టనేలేదు.

వీటన్నిటినీ మించిన పొరపాటు పండగ ఎంపికలోనే ఉంది. 1560లో మతసంస్కరణ వచ్చాక స్కాట్లండ్ ప్రెస్బిటేరియన్ చర్చి, అంటే వాళ్ళు కిర్క్ అని పిలిచేది, క్రిస్మస్‌ను బైబిల్లో లేని పోపుల పండగగా చూసింది. 1640లో స్కాటిష్ పార్లమెంటు యూల్, అంటే క్రిస్మస్, సెలవులనే రద్దు చేసింది. ఆ చట్టం తర్వాత పోయినా కిర్క్ వైఖరి అంత తేలిగ్గా మారలేదు. స్కాట్లండ్‌లో క్రిస్మస్ అందరికీ సెలవు రోజైంది 1958లో. అంతవరకూ చలికాలపు పెద్ద పండగ డిసెంబరు 31 రాత్రి, హాగ్మనే. కాబట్టి 1560కి ముందు కథ అయితే యూల్ పెట్టండి, తప్పు లేదు. 1560 నుంచి 1850 దాకా, ప్రెస్బిటేరియన్ ఇల్లయితే హాగ్మనేనే మేలు. ఆ కాలంలో క్రిస్మస్ ఎవరింట్లో పెట్టవచ్చో కింద చెప్తాం. హాగ్మనే కన్నా బలమైన కథ ఒకటి అందులో దాక్కుని ఉంది.

హాగ్మనే ఇచ్చే సరుకు

రొమాన్సుకు కావలసింది గుమ్మం. ఎవరు లోపలికి వస్తారు, ఎవరు తలుపు తీస్తారు అన్నదే సగం కథ. హాగ్మనే మొత్తం గుమ్మం మీదే నడుస్తుంది. అర్ధరాత్రి దాటాక ఇంటి గడప మొదట తొక్కిన మనిషిని బట్టి ఏడాదంతా ఇంటికి మంచో చెడో అని నమ్మకం. దీన్ని ఫస్ట్ ఫుటింగ్ అంటారు. నల్లజుట్టు మగవాడు వస్తే శుభం. బంగారు రంగు జుట్టువాడు, ఎర్రజుట్టువాడు, ఆడమనిషి వస్తే చాలాచోట్ల అపశకునం. ఉత్తచేతులతో రాకూడదు: బొగ్గు ముక్కో, పొయ్యిలో కాల్చే పీట్ మట్టిగడ్డో, రొట్టో షార్ట్‌బ్రెడ్డో, కాస్త ఉప్పు, విస్కీ ఉండాలి.

ఇప్పుడు ఈ పుస్తకాల అట్టల మీది హీరోను తలుచుకోండి. ఎర్రజుట్టు! ఏడుగురు ఎర్రజుట్టు అన్నదమ్ములున్న ఇంట్లో అర్ధరాత్రి పన్నెండుకు నల్లజుట్టు మనిషి కోసం వెతుకులాట, తుపానులో దారితప్పిన నల్లజుట్టు పరాయివాడు తలుపు తట్టడం, ఆ వచ్చింది తమ పాత శత్రువుల ఇంటివాడని తెలిసినా శకునం కోసం లోపలికి రానివ్వాల్సి రావడం. కథ దానంతటదే కదులుతుంది. క్రిస్మస్ దీనికి సాటివచ్చేది ఇవ్వలేదు. మిసల్టో ముద్దు ఇంగ్లండు అలవాటు, పైగా ఆ మొక్క స్కాట్లండ్‌లో అరుదు.

మిగతా ఆచారాలకూ ఇలాంటి పదునే ఉంది. ఇల్లంతా ఊడ్చి, పొయ్యి బూడిద ఎత్తిపోసి, అప్పులు పన్నెండు లోపు తీర్చేయాలి. అంటే పొరుగు లెయిర్డ్‌కు, అనగా పక్క ఎస్టేటు భూస్వామికి, బాకీపడ్డ తండ్రి ఆ రాత్రి వెళ్ళక తప్పదు. హైలాండ్స్‌లో కొత్త సంవత్సరం నాడు ఇంట్లోంచి నిప్పు బయటికి ఇచ్చేవారు కాదు. పొయ్యి ఆరిపోయిన గుడిసె నుంచి హీరోయిన్ నిప్పు అడగడానికి వస్తే ఇవ్వాలా వద్దా? తెల్లవారాక తలుపులూ కిటికీలూ బిగించి జూనిపర్ కొమ్మలు కాల్చి, అందరూ దగ్గి దగ్గి ఊపిరాడక అల్లాడాక కిటికీలు తీసి, పెద్దలకు తలా ఒక గుక్క విస్కీ పోస్తారు. సెయినింగ్ అనే ఈ తంతును రొమాన్సుల్లో వాడుకునేవాళ్ళు తక్కువ. పొగలో ఒకరి చెయ్యి ఒకరు పట్టుకున్నారో లేదో ఎవరికీ కనపడదు, రచయితకు అంతకన్నా ఏం కావాలి?

హాగ్మనేకి లోపం లేదా అంటే ఉంది. అంతా ఒక్క రాత్రిలో అయిపోతుంది. ప్రేమ పాకం పట్టడానికి సమయం చాలదు. అర్ధరాత్రి తర్వాత సగంమంది పక్క ఇళ్ళకు వెళ్ళిపోతారు, మిగతా సగం తాగి ఉంటారు. పట్నంలో అయితే రాత్రి వీధి కూడా ప్రమాదమే. 1811 డిసెంబరు 31న ఎడిన్‌బరోలో కుర్రాళ్ళ ముఠాలు జనాన్ని కొట్టి దోచుకున్నాయి, మరుసటి ఏడు అందుకు ముగ్గుర్ని ఉరితీశారు. ఎడిన్‌బరో కథను 1812లోనో 1813లోనో పెట్టి వీధిలో నిశ్చింతగా తిరిగే జంటను చూపిస్తే తెలిసినవాళ్ళు పట్టేస్తారు.

క్రిస్మస్ నెగ్గేది ఎక్కడ

క్యాథలిక్ దీవులైన బారా, సౌత్ యుయిస్ట్‌లలోనూ, ఈశాన్యాన అబర్డీన్, బాన్ఫ్ వైపున్న ఎపిస్కోపల్, అంటే బిషప్పుల పెద్దరికాన్ని ఒప్పుకునే ప్రొటెస్టంటు, ఇళ్ళలోనూ క్రిస్మస్ ఆగలేదు. రెండో రకం ఇల్లు రచయితకు బంగారు గని. 1745 తిరుగుబాటులో జార్జి రాజు గద్దె కోసం లేచిన స్టూవర్ట్ రాకుమారుడి వైపు నిలిచారని ఎపిస్కోపల్ వాళ్ళ మీద అనుమానం. జార్జి రాజు పేరు పెట్టి ప్రార్థించడానికి ఒప్పుకోని పాస్టరు, ఇంటివాళ్ళు కాక నలుగురికి మించి బయటివాళ్ళు ఉంటే ఆరాధన జరపకూడదని 1746 చట్టం. ఆ ఆంక్షలు 1792 దాకా ఉన్నాయి.

చట్టంలోని మాట మళ్ళీ చదవండి: ఇంటివాళ్ళు కాక. పదిమంది పిల్లలు, వాళ్ళ అత్తలు, పనివాళ్ళు కలిపి ముప్పైమంది ఒకే కప్పు కింద ఉంటే ముప్పైమందీ ఇంటివాళ్ళే. పెద్ద కుటుంబం ఇక్కడ అలంకారం కాదు, రక్షణ. బయటివాళ్ళు నలుగురు వచ్చి కూర్చున్నాక, మంచులో చిక్కుకున్న ఇంగ్లీషు అధికారి తలుపు తడితే అతనే ఐదోవాడు. అతను కూడా ఆంగ్లికనే, అంటే ఇంగ్లండు చర్చివాడే, దాదాపు అదే ప్రార్థన చేస్తాడు, తేడా ఒక్క రాజు పేరులో. 1750 క్రిస్మస్‌ను రాయాలంటే ఇలా రాయాలి: చెట్టు లేదు, కిల్టు లేదు, కిటికీలకు దుప్పట్లు కప్పి ఉన్నాయి. ఈ ఒక్క సందర్భంలో క్రిస్మస్‌దే పైచేయి అని మా తీర్పు.

విక్టోరియా కాలం మూడో దారి. ఇంగ్లండు చదువులు, ఇంగ్లండు కోడళ్ళు వచ్చిన ధనిక ఇంట్లో 1850ల తర్వాత చెట్టు, కార్డులు పెట్టొచ్చు. పల్లె రైతు ఇంట్లో మాత్రం అప్పటికీ వద్దు. రాణిగారిని బాల్మొరల్‌లో క్రిస్మస్ విందుకు కూర్చోబెట్టకండి. ఆవిడ అక్కడ గడిపేది ఎక్కువగా శరదృతువు. క్రిస్మస్‌కు ఇంగ్లండులోనే ఉండేది.

పెళ్ళి ఏ పండగలో కుదురుతుంది

ఈ జానర్‌లో చివర పెళ్ళి ఉండాలి కదా. కిర్క్‌లో క్రమమైన పెళ్ళికి ముందు ఆదివారాల్లో మూడుసార్లు ప్రకటన చదవాల్సి ఉండేది. మూడు వేరు వేరు ఆదివారాలయితే డిసెంబరు 20న కలుసుకున్న జంటకు పండగ దాటిపోతుంది. అయితే స్కాట్స్ చట్టంలో 1940 దాకా ఇంకో దారి ఉండేది: ఇద్దరూ 'ఇప్పుడు నిన్ను భర్తగా, భార్యగా స్వీకరిస్తున్నాను' అని మనస్ఫూర్తిగా చెప్పుకుంటే చాలు, పాస్టరు లేకపోయినా అది పెళ్ళే. హాగ్మనే రాత్రి పన్నెండుమంది అన్నదమ్ముల ఎదుట మత్తులో అన్న ఆ మాట వేళాకోళమా, నిజమా? తెల్లవారాక ఇల్లంతా సాక్షులే, ఏ ఇద్దరి సాక్ష్యమూ కలవదు. పెద్ద కుటుంబానికీ హాగ్మనేకీ కుదిరినంత జోడీ మరొకటి లేదనడానికి ఇదొక్కటి చాలు.

1857 జనవరి 1 నుంచి మాత్రం జాగ్రత్త. ఇద్దరిలో ఒకరికైనా స్కాట్లండ్‌లో నివాసమో, అంతకుముందు 21 రోజుల బసో ఉంటేనే ఇలాంటి పెళ్ళి చెల్లుతుంది. జంట ఇద్దరూ లండన్ నుంచి వస్తున్నట్టయితే హాగ్మనే పెళ్ళికి వాళ్ళను డిసెంబరు 10కల్లా రైలు దించాలి. 'హ్యాండ్‌ఫాస్టింగ్' పేరుతో ఏడాదీ ఒక రోజు కలిసుండి చూసుకునే పెళ్ళిని చరిత్రగా రాయకండి, చరిత్రకారులు దాన్ని నమ్మరు.

ఏడుగురిని పేజీ మీద నిలబెట్టడం

పండగ ఏదైనా నవలిక చెడేది ఎక్కువగా ఇక్కడే. 30 వేల పదాల్లో ఏడుగురు తోబుట్టువులు, వాళ్ళ జీవిత భాగస్వాములు, నాయనమ్మ కలిసి మొదటి అధ్యాయంలోనే భోజనానికి కూర్చుంటారు. మూడో పేజీకి పాఠకుడు చేతులెత్తేస్తాడు. మొదటి 3 వేల పదాల్లో నలుగురికి మించి పేర్లు చెప్పొద్దు. మిగతావాళ్ళు ఒక్కొక్కరుగా గుమ్మంలోంచే రావాలి. క్రిస్మస్ అందరినీ ఒకే బల్ల చుట్టూ కూర్చోబెడుతుంది, హాగ్మనే విడివిడిగా లోపలికి పంపిస్తుంది. ఈ లెక్కన కూడా హాగ్మనే నయం.

పేర్ల సంగతి తెలుగువాళ్ళకు చెప్పనక్కర్లేదు. పెద్దకొడుక్కి నాన్న తండ్రి పేరు, రెండోవాడికి అమ్మ తండ్రి పేరు, మూడోవాడికి తండ్రి పేరు. పెద్దకూతురికి అమ్మమ్మ పేరు, రెండోదానికి నాయనమ్మ పేరు అన్నది వాడుక. దాంతో పెదనాన్న, చిన్నాన్నల పిల్లల్లో నలుగురు ఇయన్‌లు తేలతారు. వాళ్ళు చేసేది మనం పొట్టి రాముడు, నల్ల రాముడు అన్నట్టే: నల్లజుట్టువాడు ఇయన్ దూ, ఎర్రజుట్టువాడు ఇయన్ రువ. పేరుమోసిన హైలాండ్ వీరుడు రాబ్ రాయ్ పేరులో 'రాయ్' ఈ రువ నుంచి వచ్చిందే. ఫస్ట్ ఫుటింగ్‌కు ఎవరిని బయటికి పంపాలో పేరులోనే తెలిసిపోతుంది. లెయిర్డ్‌ను ఎస్టేటు పేరుతో పిలుస్తారు. ఆ రోజుల్లో పెళ్ళయినా ఆడవాళ్ళు పుట్టింటి పేరు వదులుకునేవారు కాదు. కోడలిని మిసెస్ ఫలానా అని మాత్రమే రాస్తే అది ఇంగ్లండు కథ అయిపోతుంది.

భూమి పెద్దకొడుక్కే పోయేది గనుక చిన్నవాళ్ళకు సైన్యమో, చర్చో, ఈస్టిండియా కంపెనీయో. గ్లాస్గోలో పుట్టిన థామస్ మన్రో 1800 నుంచి 1807 దాకా మన దత్తమండలాల కలెక్టరు, ఆ తర్వాతే ఇంటికి సెలవు మీద వెళ్ళాడు. ఊళ్ళ చరిత్రలైన కైఫీయతులు సేకరింపజేసిన కాలిన్ మెకంజీ లూయిస్ దీవివాడు, తిరిగి వెళ్ళనేలేదు. కథలో మూడో అన్న కడప నుంచి వస్తున్నాడని రాసేటప్పుడు ఓడలో ఐదారు నెలలు పడుతుందని గుర్తుంచుకోండి. చెల్లెలి పెళ్ళి కబురు నవంబరులో పంపి డిసెంబరులో అతన్ని గుమ్మంలో నిలబెడితే కుదరదు.

జంట ఒక్కటా, మూడా? 30 వేల పదాలకు ఒక్కటే మేలు. రెండో జంట ముందే పెళ్ళయిన వాళ్ళయి, వాళ్ళ పాత పొరపొచ్చం తీరిపోయేలా ఉంటే సర్దుకోవచ్చు. మూడు కొత్త జంటలకు 40 వేలూ చాలవు, ఎవరికీ రెండో మాటకు చోటుండదు.

తేదీ వేసేముందు

అట్ట మీద 'క్రిస్మస్' అన్న మాట లేకపోతే పుస్తకం అమ్ముడుపోదని ప్రచురణకర్త అంటే వాదించకండి. స్కాట్లండ్‌లో యూల్ నుంచి కొత్త సంవత్సరపు మొదటి సోమవారం, హాండ్సెల్ మండే, దాకా ఉన్న రోజుల్ని 'డాఫ్ట్ డేస్' అనేవారు, అంటే పిచ్చి రోజులు. కథను డిసెంబరు 24న ఇంగ్లండు కోడలి చిన్న క్రిస్మస్ ప్రయత్నంతో మొదలుపెట్టి, అది కాస్త నవ్వులపాలయ్యాక, హాగ్మనేలో పతాకస్థాయికి తెచ్చి, పనివాళ్ళకు కానుకలిచ్చే హాండ్సెల్ మండేతో ముగించవచ్చు. ఒక్క రాత్రి ఇరుకు కూడా తీరిపోతుంది.

సంవత్సరం ఎంచుకునేటప్పుడు వారం చూసుకోండి. 1820 డిసెంబరు 31 ఆదివారం. సబ్బాతు నాడు కిర్క్ ఇంట్లో అర్ధరాత్రి దాకా ఫిడేలు వినపడదు. 1752 సెప్టెంబరులో 2 తర్వాత నేరుగా 14 వచ్చింది గనుక ఆ తర్వాతి కథల్లో నాయనమ్మ మొండిగా పాత లెక్కనే పట్టుకుని జనవరి 11న రెండో హాగ్మనే చేసుకోవచ్చు. బర్గ్‌హెడ్‌లో ఇప్పటికీ ఆ రాత్రే క్లేవీ మంటలు వేస్తారు.

మాకు నచ్చిన ఏడాది 1822. ఆగస్టులో నాలుగో జార్జి రాజు ఎడిన్‌బరో వచ్చాడు, నవలాకారుడు వాల్టర్ స్కాట్ పురమాయింపుతో ఊరంతా టార్టన్ అయింది. కాబట్టి అన్నదమ్ములందరికీ కొత్తగా కుట్టించిన కిల్టులు ఉంటాయి, ఎవరికీ జైలు లేదు. డిసెంబరు 31 మంగళవారం, హాండ్సెల్ మండే జనవరి 6. బర్న్స్ పాట అచ్చయి పాతికేళ్ళు దాటింది. బల్ల మీది హైలాండ్ విస్కీ మాత్రం చాలామట్టుకు దొంగసరుకే. లైసెన్సు తీసుకుని కాయడం గిట్టుబాటయ్యేలా చేసిన ఎక్సైజ్ చట్టం మరుసటి ఏడు గాని రాలేదు. అందుకని ఫస్ట్ ఫుటింగ్‌కు వచ్చిన ఆ నల్లజుట్టు పరాయివాడు ఎక్సైజ్ అధికారి కాడని తేలేదాకా సీసాను పీట్ బుట్ట కింద పెట్టించండి.